నేపాల్ నీళ్లు, బంగ్లాదేశ్ బల్బులు, మధ్యలో మన లైన్లు

2024 నవంబర్ 15న నేపాల్‌లో పుట్టిన కరెంటు మొదటిసారి బంగ్లాదేశ్ చేరింది. 40 మెగావాట్లు. అదీ ఆ ఒక్కరోజే. ఒప్పందం ప్రకారం ఏటా జూన్ 15 నుంచి నవంబర్ 15 వరకే అమ్మాలి. ఖాట్మండులో సంతకాలు జరిగింది అక్టోబర్ 3న. మిగతా పనులన్నీ తెమిలేసరికి ఆ ఏటి గడువులో చివరి రోజు మాత్రమే మిగిలింది. మళ్లీ సరఫరా మొదలైంది 2025 జూన్‌లోనే.

40 మెగావాట్లు ఏ మూలకి? మన కర్నూలు సోలార్ పార్కు ఒక్కదాని సామర్థ్యమే 1000 మెగావాట్లు. అందులో పాతికో వంతు. ఈపాటి వ్యాపారం కోసం నేపాల్, బంగ్లాదేశ్ 2018లోనే అవగాహన ఒప్పందం రాసుకున్నాయి. అమ్మేవాళ్లు సిద్ధం, కొనేవాళ్లు సిద్ధం. చివరికి కుదిరిన ధర యూనిట్‌కి 6.4 అమెరికన్ సెంట్లు. అయినా ఆరేళ్లు పట్టింది. ఎందుకంటే ఆ రెండు దేశాలకీ ఉమ్మడి సరిహద్దు లేదు. సిలిగురి దగ్గర, బాగా ఇరుకైన చోట 22 కిలోమీటర్ల వెడల్పున్న భారత భూభాగం వాటి మధ్య అడ్డంగా ఉంది. కరెంటు అసలు ఆ దారిన కూడా పోదు. నేపాల్‌లోని ధల్కేబర్ నుంచి బీహార్‌లోని ముజఫర్‌పూర్‌కి వచ్చి, మన గ్రిడ్‌లో కలిసి, పశ్చిమ బెంగాల్‌లోని బెహ్రంపూర్ నుంచి అవతలి భేరామారాకి వెళ్తుంది. ఏ దారిన పోయినా మన అనుమతి లేకుండా కదలదు.

బొగ్గు, గ్యాస్ మానేసి శుభ్రమైన కరెంటుకి మారడం అనగానే మనకి సోలార్ పలకలు, గాలిమరలు, బ్యాటరీలు గుర్తొస్తాయి. హిమాలయాల దిగువన ఉన్న ఈ నాలుగు దేశాల్లో, అంటే నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, భారత్‌లలో, అసలు చిక్కు హైటెన్షన్ లైన్ల దగ్గర ఉంది. ఆ లైన్లు మనవి. వాటి మీద ఎవరి కరెంటు పోవచ్చో, ఎవరిది పోకూడదో ఢిల్లీలో నిర్ణయిస్తారు. ఆ నిర్ణయాల వెనక భయానికి కారణాలు ఉన్నాయని నేను ఒప్పుకుంటాను. కానీ ఆ భయానికి మందుగా రాసుకున్న నిబంధన మనకే నష్టం చేస్తోందని నా అభిప్రాయం.

వానాకాలం మిగులు, చలికాలం కొరత

నేపాల్ జలవిద్యుత్ కేంద్రాల్లో చాలావాటికి పెద్ద జలాశయాలు లేవు. నదిలో వచ్చే నీటిని వచ్చినట్టే సొరంగంలోకి మళ్లించి, టర్బైన్ మీదికి వదిలి, కింద మళ్లీ నదిలో కలిపేస్తారు. కాబట్టి వానలు పడి, మంచు కరిగే జూన్ నుంచి నవంబర్ దాకా కరెంటు వాడుకోలేనంత వస్తుంది. చలికాలంలో నది సన్నబడగానే ఉత్పత్తి మూడో వంతుకి పడిపోతుంది. వానాకాలంలో కొనేవాళ్లు లేకపోతే టర్బైన్ ఆపేసి నీళ్లు వదిలేయడమే, దాచుకునే వీల్లేదు.

బంగ్లాదేశ్ లెక్క దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. అక్కడ ఎండాకాలం, వానాకాలం ఉక్కపోతలో వాడకం పెరుగుతుంది, చలికాలంలో తగ్గి ప్లాంట్లు ఖాళీగా ఉంటాయి. ఎక్కువ కరెంటు గ్యాస్ నుంచే వస్తుంది. సొంత గ్యాస్ తరిగిపోతోంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో ఎల్‌ఎన్‌జీ (ఓడల్లో తెచ్చుకునే ద్రవ సహజవాయువు) ధర ఆకాశానికంటినప్పుడు అప్పటికప్పుడు మార్కెట్లో కొనడం ఆపేసి, దేశమంతా కరెంటు కోతలు పెట్టారు. నేపాల్ వానాకాలం మిగులు ఢాకాకి, బంగ్లాదేశ్ చలికాలం మిగులు ఖాట్మండుకి వెళ్తే ఇద్దరికీ లాభమే. మనకీ లాభమే, సాయంత్రం సూర్యుడు దిగిపోయాక సోలార్ ఆగుతుంది కానీ నది ఆగదు. 2024 మేలో మన దేశపు గరిష్ఠ డిమాండ్ 250 గిగావాట్లకి చేరింది. సూర్యుడు దిగాక సాయంత్రపు గంటల్లో దొరికే ప్రతి జలవిద్యుత్ మెగావాటూ ఆ మేరకు బొగ్గుని ఆదా చేస్తుంది.

ఇంజనీర్లని అడిగితే ఇది ఎప్పుడో అయిపోవాల్సిన పని అంటారు. కాకపోవడానికి కారణాల్లో మొదటిది 2015లో ఉంది.

పెట్రోలు రాని చలికాలం

2015 సెప్టెంబర్‌లో నేపాల్ కొత్త రాజ్యాంగం తెచ్చుకుంది. దానిలో తమకి అన్యాయం జరిగిందని దక్షిణ మైదానాల్లోని మధేసీలు సరిహద్దు దగ్గర ఆందోళనకి దిగారు. భారత్ నుంచి వెళ్లే ట్రక్కులు ఆగిపోయాయి. భారత్ కావాలనే దిగ్బంధం చేసిందని నేపాల్, మాకు సంబంధం లేదు, అది మీ ఇంటి గొడవ అని ఢిల్లీ. ఎవరి మాట ఎలా ఉన్నా, ఏప్రిల్ భూకంపం నుంచి ఇంకా కోలుకోని దేశానికి నెలల తరబడి పెట్రోలు లేదు, వంటగ్యాస్ లేదు, మందులకి కటకట.

పైగా అప్పట్లో ఖాట్మండులో ఎండాకాలానికి ముందు నెలల్లో రోజుకి గంటల తరబడి కరెంటు కోత మామూలు. 2016లో నేపాల్ విద్యుత్ ప్రాధికార సంస్థ పగ్గాలు చేపట్టిన కుల్మాన్ ఘిసింగ్ ఆ కోతలకి ముగింపు పలికి ఇంటింటా తెలిసిన మనిషి అయ్యారు. ఉన్న కరెంటుని సరిగ్గా పంచడం, ధల్కేబర్ లైను మీదుగా భారత్ నుంచి కొనడం, ఈ రెండూ కలిపి చేశారు. ఒక చేత్తో దిగ్బంధం చేసిందని కోపం, ఇంకో చేత్తో అదే దేశం కరెంటుతో ఇళ్లలో వెలుగు. నేపాలీలకి భారత్ మీద ఉన్న రెండు రకాల భావాలకీ మూలం ఆ రెండేళ్లలో దొరుకుతుంది.

అప్పటినుంచి వాళ్లు పట్టిన దారి గమనించాలి. దిగుమతి పెట్రోలు మీద ఆధారపడకూడదని సొంత కరెంటుతో నడిచే బళ్లకి పన్నులు తగ్గించారు. 2019లో బీహార్‌లోని మోతీహారీ నుంచి అమ్లేఖ్‌గంజ్‌కి పెట్రోలియం పైపులైను కూడా వచ్చింది, దక్షిణాసియాలో సరిహద్దు దాటిన మొదటి పెట్రోలియం పైపులైను అదే. అయినా జనం ఎలక్ట్రిక్ కార్లవైపే మళ్లారు. ఈమధ్య నేపాల్ దిగుమతి చేసుకుంటున్న కార్లలో 70 శాతం పైగా ఎలక్ట్రిక్ కార్లే, అందులో ఎక్కువ చైనావి. చైనా కంపెనీ కట్టిన ప్లాంటు కరెంటు మన సరిహద్దు దగ్గర ఆగిపోతుంటే (ఆ సంగతి కింద చెబుతాను), చైనా కార్లు మన పెట్రోలు మార్కెట్‌ని అక్కడ నెమ్మదిగా తినేస్తున్నాయి.

ఎవరు కట్టారో చెబితేనే కొంటాం

2014 అక్టోబర్‌లో భారత్, నేపాల్ విద్యుత్ వ్యాపార ఒప్పందం చేసుకున్నాయి. చదివితే దారి తెరుచుకున్నట్టే అనిపిస్తుంది. రెండేళ్లు దాటాయో లేదో, 2016లో మన కేంద్రం తెచ్చిన మార్గదర్శకాలు ఆ తలుపు సగం మూశాయి. భారతీయుల వాటా 51 శాతం ఉన్న ప్రాజెక్టులకే సులువుగా అనుమతి అన్నారు. నేపాల్‌తో పాటు భూటాన్ కూడా నొచ్చుకుంది. 2018లో సవరించారు. 2020 జూన్‌లో గల్వాన్‌లో చైనాతో ఘర్షణలో మన సైనికులు 20 మంది ప్రాణాలు పోయాయి. 2021 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త విధివిధానాల్లో ఒక వాక్యం చేరింది. మనతో భూ సరిహద్దు ఉండి, మనతో విద్యుత్ సహకార ఒప్పందం లేని దేశపు పెట్టుబడి ఉన్న ప్లాంటు నుంచి కరెంటు కొనం అని దాని సారాంశం. చైనా పేరు ఎక్కడా లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు.

ఆచరణలో అది పెట్టుబడి దగ్గర ఆగలేదు. నేపాల్‌లోని అప్పర్ తామాకోశీని చూడండి. 456 మెగావాట్లు, 2021 జులైలో మొదలైంది, అప్పటికి ఆ దేశంలో అతి పెద్ద ప్లాంటు. కట్టిన డబ్బంతా నేపాలీలదే. ఉద్యోగుల ప్రావిడెంట్ ఫండ్, నేపాల్ టెలికాం, బీమా సంస్థ అప్పులిచ్చాయి. ప్రాజెక్టు ఉన్న దోలఖా జిల్లా వాళ్లకి విడిగా వాటాలు ఇచ్చారు. టర్బైన్లూ జనరేటర్లూ ఆస్ట్రియా కంపెనీ ఆండ్రిట్జ్‌వి. గేట్లు, ఉక్కు గొట్టాల పని కోల్‌కతా కంపెనీ టెక్స్‌మాకోది. కరెంటు బయటికి తెచ్చే లైను వేసింది మన కేఈసీ. సొరంగాలు తవ్వి కాంక్రీటు పోసింది మాత్రం చైనా కంపెనీ సైనోహైడ్రో. 2022లో భారత్ వరసగా ప్లాంట్లకి అనుమతులు ఇస్తూ పోయినప్పుడు దీనికి చోటు దక్కలేదు.

అమ్మకం ఎలా జరుగుతుందో చూస్తే ఈ నియమం పనితనం ఇంకా బాగా తెలుస్తుంది. నేపాల్ విద్యుత్ సంస్థ, కరెంటు కొని అమ్మే మన మార్కెట్ అయిన ఇండియన్ ఎనర్జీ ఎక్స్ఛేంజ్‌లో ముందురోజే బిడ్ వేయాలి. రేపటి 24 గంటల్ని పావుగంట చొప్పున 96 ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో ఎన్ని మెగావాట్లు, ఏ ధరకి అని చెప్పాలి. ఆ మెగావాట్లు కూడా మన సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ అనుమతి ఇచ్చిన ప్లాంట్ల జాబితాకి మించకూడదు, ఆ అనుమతులు గడువు తీరినప్పుడల్లా మళ్లీ తెచ్చుకోవాలి. 2021 నవంబర్‌లో మొదటిసారి దొరికిన అనుమతి 39 మెగావాట్లకి, త్రిశూలి, దేవీఘాట్ ప్లాంట్ల నుంచి. రెండూ భారత్ సాయంతో కట్టినవే.

అయితే కరెంటుకి పుట్టుమచ్చ ఉండదు కదా. తామాకోశీ కరెంటూ త్రిశూలి కరెంటూ నేపాల్ గ్రిడ్‌లో ఎప్పుడో కలిసిపోయాయి. ఆచరణలో జరిగేది ఏమిటంటే, చైనా చెయ్యి పడిన ప్లాంట్ల కరెంటు ఖాట్మండు ఇళ్లలో వాడుకున్నట్టు, మిగతా ప్లాంట్లది మనకి పంపినట్టు కాగితం మీద లెక్క రాసుకుంటారు. మొత్తం అమ్మకం తక్కువ ఉన్నంతకాలం ఈ లెక్క సరిపోతుంది. వానాకాలంలో మిగులు పెరిగినప్పుడు అనుమతి ఉన్న ప్లాంట్లు చాలవు, అనుమతి లేని ప్లాంట్ల దగ్గర నీళ్లు వృథాగా పోతాయి. ఆ నష్టం బీజింగ్‌కి తగలదు. సొంత పొదుపు సొమ్ము షేర్లలో పెట్టిన దోలఖా రైతుకి తగులుతుంది.

మరి మన భయంలో నిజం లేదా? ఉంది. గ్రిడ్ మీద సైబర్ దాడి అనేది ఊహ కాదు. 2021 మార్చిలో చైనా హ్యాకర్ల గురించి కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ హెచ్చరించడంతో తెలంగాణ ట్రాన్స్‌కో, జెన్‌కో హడావుడిగా తమ వ్యవస్థలకి కాపలా పెంచుకున్నాయి. కంట్రోల్ రూముల్లోకి, లైన్లని కాపాడే రిలేల్లోకి ఎవరి సామగ్రి వస్తోందో పట్టించుకోని దేశం బాధ్యత లేని దేశం. అయితే సొరంగం తవ్విన కంపెనీకీ సాఫ్ట్‌వేర్ రాసిన కంపెనీకీ తేడా చూడాలి. సొంతదారు ఎవరు, కంట్రోల్ పరికరాలు ఎవరివి అని అడిగితే అది భద్రత. కాంక్రీటు ఎవరు పోశారని అడిగితే, నేపాలీలకి అది కాంట్రాక్టులు మన కంపెనీలకి రావాలన్న ఒత్తిడిగానే కనిపిస్తుంది. అలా కనిపించడానికి ఆధారాలూ ఉన్నాయి. చైనా కంపెనీ వదిలేసిన పశ్చిమ సేతి 2022లో మన ప్రభుత్వ జలవిద్యుత్ సంస్థ ఎన్‌హెచ్‌పీసీకి వెళ్లింది. అరుణ్ నది మీద 900 మెగావాట్ల అరుణ్-3, దాని కింద లోయర్ అరుణ్ రెండూ మన ఇంకో ప్రభుత్వ సంస్థ ఎస్‌జేవీఎన్ చేతిలో ఉన్నాయి.

భూటాన్ గొడవ వేరు. చైనాతో దానికి దౌత్య సంబంధాలే లేవు. 1980ల్లో చుఖా నుంచి మొన్నటి పునాత్సాంగ్‌ఛూ-2 దాకా పెద్ద ప్రాజెక్టులు ఎక్కువగా మన డబ్బుతోనే కట్టి, మనకే అమ్మింది. ఈ నమూనా చాలాకాలం బాగా నడిచింది. ఇప్పుడు అప్పు పెరిగింది, చలికాలంలో మన దగ్గరే కరెంటు కొనుక్కుంటోంది, కొండ జారిపోయిన పునాత్సాంగ్‌ఛూ-1 ఏళ్ల తరబడి సాగుతూనే ఉంది.

బొగ్గుకి మాత్రం దారి దొరికింది

ఆరేళ్లు పట్టిన 40 మెగావాట్ల పక్కన ఇంకో లెక్క పెట్టాలి. జార్ఖండ్‌లోని గొడ్డాలో అదానీ కంపెనీ 1600 మెగావాట్ల బొగ్గు ప్లాంటు కట్టింది. కరెంటు మొత్తం బంగ్లాదేశ్‌కే. 2017 నవంబర్‌లో 25 ఏళ్ల ఒప్పందం జరిగింది, 2023 ఏప్రిల్‌లో అమ్మకం మొదలైంది. దాదాపు అదే ఆరేళ్లలో, నేపాల్‌కి దొరికినదానికి 40 రెట్లు.

2024 ఆగస్టు 5న బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా ఢాకా విడిచి పారిపోయారు. ఆగస్టు 12కల్లా మన కేంద్రం నిబంధన సవరించి, పూర్తిగా ఎగుమతి కోసమే కట్టిన ప్లాంటు కూడా అవసరమైతే మన దేశంలో అమ్ముకోవచ్చని చెప్పింది. వారం రోజులు. నిబంధనలు మార్చడం అంత కష్టమేమీ కాదని, మనసుంటే మార్గముంటుందని నేపాల్ అధికారులకి ఇంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు. ఆ తర్వాత బకాయిలు పేరుకుపోయాయని నవంబర్ నాటికి గొడ్డా నుంచి సరఫరా దాదాపు సగానికి తగ్గింది. బకాయిలు నిజమే, ఏ అమ్మకందారైనా అడుగుతాడు. కానీ ఒకే దేశం నుంచి, ఒకే కంపెనీ నుంచి ఇంత కరెంటు కొనడం ఎంత టెన్షనో ఢాకాకి అప్పుడు అర్థమైంది. అంత జరిగినా, హసీనా తర్వాత వచ్చిన తాత్కాలిక ప్రభుత్వం నేపాల్ ఒప్పందం మీద సంతకం పెట్టింది. భారత్‌తో మాటలు బాగా లేని రోజుల్లోనే, భారత ప్రభుత్వ విద్యుత్ వ్యాపార సంస్థ ఎన్‌వీవీఎన్ మూడో పక్షంగా ఉన్న కాగితం మీద. దీన్ని నేను ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ఆశ కలిగించే విషయంగా చూస్తాను.

నీళ్లు ఎవరివి, లాభం ఎవరిది

2024 జనవరి 4న విదేశాంగ మంత్రి జైశంకర్ ఖాట్మండు వెళ్లినప్పుడు, పదేళ్లలో నేపాల్ నుంచి 10,000 మెగావాట్లు కొంటామని ఒప్పందం జరిగింది. అప్పటికి నేపాల్ మొత్తం స్థాపిత సామర్థ్యం 3,000 మెగావాట్ల దగ్గర ఉంది. మూడింతలు పైగా పెరగాలంటే పెద్ద ప్రాజెక్టులు, వీలైతే జలాశయాలు కావాలి. జలాశయం అనగానే కరెంటు గొడవ కాస్తా నీళ్ల గొడవ అవుతుంది. రెండు దేశాల సరిహద్దు నది మహాకాళి మీద ఒప్పందం 1996లో జరిగింది, దాని కింద కట్టాల్సిన పంచేశ్వర్ డ్యాం ఇప్పటికీ కాగితాల్లోనే ఉంది. డ్యాం కడితే ఉత్తరప్రదేశ్ పొలాలకి వేసవిలో నీళ్లొస్తాయి, దానికి మీరేం ఇస్తారని నేపాల్ అడుగుతుంది. కరెంటుకి ఇస్తాం, నీళ్లకి ఎందుకివ్వాలని మనం అంటాం. కోశీ, గండక్ ఒప్పందాల్లో తాము మోసపోయామన్న బాధ వాళ్లకి 1950ల నుంచి ఉంది.

మనకి ఇది కొత్త విషయం కాదు. 2021 జులైలో శ్రీశైలం, నాగార్జునసాగర్ దగ్గర తెలంగాణ కరెంటు కోసం నీళ్లు వదిలితే, సాగునీరు సముద్రం పాలవుతోందని ఆంధ్రప్రదేశ్ అభ్యంతరం చెప్పింది. డ్యాముల మీద రెండు వైపులా పోలీసుల్ని మోహరించారు. ఒకే దేశం, ఒకే భాష, ఒకే నది. వేరే దేశానికి ఆ అనుమానం ఎంతుంటుందో ఊహించడం మనకి కష్టం కాకూడదు.

ఆలస్యానికి మన తెలుగువాళ్ల ప్రాజెక్టు ఒకటి సాక్ష్యం. రాజాంలో పుట్టిన గ్రంధి మల్లికార్జునరావు స్థాపించిన జీఎంఆర్ సంస్థ, 900 మెగావాట్ల అప్పర్ కర్నాలీ కోసం 2008లో నేపాల్‌తో అవగాహనకి వచ్చింది. 2014 సెప్టెంబర్‌లో అభివృద్ధి ఒప్పందం. 12 శాతం కరెంటు, 27 శాతం వాటా నేపాల్‌కి ఉచితం. 500 మెగావాట్లు బంగ్లాదేశ్‌కి అమ్మాలని ఆలోచన. పదేళ్లు గడిచినా నిర్మాణం మొదలు కాలేదు. కొనేవాళ్లతో ఖరారు కాలేదు కాబట్టి అప్పు పుట్టలేదు, అప్పు పుట్టలేదు కాబట్టి గడువు పొడిగించారు, గడువు పొడిగించారని కోర్టులో కేసు పడింది.

ఈలోగా మన అవసరమే మారిపోతోంది. కర్నూలు దగ్గర పిన్నాపురంలో హైదరాబాద్ సంస్థ గ్రీన్‌కో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కట్టింది. పగటి సోలార్‌తో నీటిని పైకి తోడి, సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీస్తారు. బ్యాటరీల ధరలు పడిపోతున్నాయి. ఇంకో పదిహేనేళ్లు నేపాల్‌తో సంతకాల దగ్గరే ఉంటే, సాయంత్రపు కరెంటు మనం ఇంట్లోనే దాచుకోవడం నేర్చుకుంటాం. అప్పుడు నేపాల్ నదులకి కొనుగోలుదారు ఉండరు. నిధులతో సిద్ధంగా ఉన్న ఉత్తరపు పొరుగు మాత్రం ఉంటుంది.

ఆ పొరుగు కూడా ఖాళీగా లేదు. 2025 జులైలో చైనా ప్రధాని లీ చియాంగ్ టిబెట్‌లో, యార్లుంగ్ సాంగ్‌పో దిగువన, దాదాపు 1.2 లక్షల కోట్ల యువాన్ల జలవిద్యుత్ ప్రాజెక్టు మొదలైందని ప్రకటించారు. అదే నది అరుణాచల్‌లో సియాంగ్, అస్సాంలో బ్రహ్మపుత్ర. దానికి జవాబుగా సియాంగ్ మీద మనం కట్టాలనుకుంటున్న డ్యాంని అక్కడి ఆది తెగవాళ్లు వ్యతిరేకిస్తున్నారు. పైగా ఈ కొండలు నిలకడగా లేవు. 2023 అక్టోబర్‌లో సిక్కింలో దక్షిణ లోనాక్ సరస్సు తెగి తీస్తా-3 డ్యాం కొట్టుకుపోయింది. 2025 జులైలో టిబెట్ వైపు నుంచి వచ్చిన వరద రసువాలో నేపాల్–చైనా వంతెనని తీసుకుపోయి, పక్కనే ఉన్న జలవిద్యుత్ కేంద్రాన్ని దెబ్బతీసింది. ఎగువన మంచు సరస్సుల్లో ఏం జరుగుతోందో దిగువవాళ్లకి గంటల ముందు తెలియకపోతే, ఎవరు కట్టిన ప్లాంటయినా ఒకటే.

ఇక మన విధానకర్తలు తప్పించుకోలేని లెక్క ఒకటుంది. ఈశాన్యంలోని జలవిద్యుత్తుని దేశంలోకి తేవాలంటే సిలిగురి ఇరుకుదారి చాలదు. అందుకే బీహార్‌లోని కటిహార్ నుంచి బంగ్లాదేశ్‌లోని పార్వతీపూర్ మీదుగా అస్సాంలోని బోర్‌నగర్‌కి 765 కేవీ లైను వేయాలని అనుకున్నారు. ఇంతకుముందు త్రిపురలోని పాలటానా గ్యాస్ ప్లాంటుకి భారీ యంత్రాలు బంగ్లాదేశ్ నదుల మీదుగానే వెళ్లాయి, బదులుగా 2016లో త్రిపుర నుంచి వాళ్లకి 100 మెగావాట్లు ఇచ్చాం. కటిహార్ లైను విషయంలో అనుమతి అడగాల్సింది మనం, ఇవ్వాల్సింది ఢాకా. ఏ కంపెనీ కట్టిన ప్లాంటు కరెంటు తమ భూమి మీదుగా పోవచ్చో వాళ్లూ ఒక జాబితా రాస్తే, 2021లో మనం రాసిన వాక్యాన్నే చూపిస్తారు. ఆ లైను మీద చర్చలు మొదలయ్యేలోపు నేపాల్ కరెంటుకి రవాణా ఛార్జీ తీసుకుని, కంట్రోల్ పరికరాలు పరీక్షించి, కాంట్రాక్టరు ఎవరన్న ప్రశ్న లేకుండా మన లైన్ల మీదుగా పోనిస్తే, ఢాకాలో కూర్చున్నప్పుడు అడగడానికి మనకి నోరుంటుంది.